గురి కుదరాలి

పోయిన ఎండాకాలంలో ఒక పొద్దున పప్పులోకి తాలింపు వేస్తున్నాను. ఫోను మోగింది. కరీంనగర్ నుంచి మా చెల్లెలు. బాగున్నావా అనే మాటైనా లేదు. "అక్కా, వాడు తుపాకి కొన్నడట!" అంటూ బావురుమంది. నా తాలింపు కాస్తా మాడిపోయింది.

వాడంటే దాని కొడుకు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో ఉద్యోగం. చీమకు కూడా హాని తలపెట్టని పిల్లవాడు. అలాంటివాడికి ఇదేం బుద్ధి? "ఎవర్నీ ఏం చెయ్యడానికి కాదమ్మా, కాయితం మీద గురిచూసి కొట్టే ఆట" అని వాడు చెప్పాడట. "కాయితాన్ని కొట్టనీకె తుపాకెందుకక్కా?" అని మా చెల్లెలి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

మీరు నవ్వుకుంటారేమో గాని, మా ఇంట్లో ఆ మాటంటేనే భయం. చిట్యాలలో మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ దీపావళికి రీళ్ళు పెట్టి కాల్చే బొమ్మ తుపాకి కూడా గడప దాటి లోపలికి రాలేదు. నైజాము రోజుల చివర్లో, ఆమె కొత్తకోడలుగా వచ్చిన ఏడాదే, తుపాకులవాళ్ళు వస్తున్నారని ఊళ్ళో కేక పడిందట. అత్తగారు ఆమెను జొన్నల పాతరలోకి దించి పైన బండ కప్పింది. ఒక రాత్రీ, ఒక పగలూ ఆ చీకట్లోనే. ఆ తర్వాత ముసలితనం దాకా ఆమె దీపం ఆర్పి పడుకున్న రాత్రి లేదు.

అట్లాగని మా జిల్లా ఆడవాళ్ళు తుపాకి పట్టలేదా అంటే, పట్టారు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో వడిసెలతో మొదలుపెట్టి బర్మారు తుపాకి దాకా వెళ్ళినవాళ్ళున్నారు. ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం పేర్లు నల్లగొండలో ఎవరికి తెలియవు? స్వరాజ్యంగారి తలకు పదివేల రూపాయల వెల కట్టారు. 2022లో కన్నుమూసేదాకా ఆమె మాటలో వాడి తగ్గలేదు. బర్మారు అంటే మూతివైపు నుంచి మందు కూరి కాల్చే తుపాకి. దానికి అద్దమూ లేదు, దుర్భిణీ లేదు. గొట్టం వెంబడి చూపు సారించి, ఆపైన దేవుడి మీద భారం వెయ్యడమే. ఒకే ఇనుము ఒకామెను పాతరలోకి దించింది, ఇంకొకామెను అడవిలోకి నడిపించింది.

మర్నాడు ఆ పిల్లవాడే నాకు ఫోను చేశాడు. "పెద్దమ్మా, నువ్వు ఇన్నేండ్లు బడిల ఫిజిక్స్ చెప్పినవు గద. తుపాకి మీద పెట్టే దుర్భిణి ఏది కొనాలె? వంద రకాలున్నయి, తల తిరుగుతున్నది" అన్నాడు. చూశారా, అక్కడ తల్లికి నిద్ర లేదు, ఇక్కడ కొడుక్కి దుర్భిణి కావాలి! "పదిరోజులు ఆగు, చదివి చెప్త" అన్నాను. ఆ పదిరోజుల చదువే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆట సంగతి. దీన్ని బెంచ్‌రెస్ట్ అంటారు. కదలని గట్టి బల్ల ఒకటి. దాని మీద ముందొకటి, వెనకొకటి ఇసుక సంచులు. వాటి మీద పసిపిల్లను పడుకోబెట్టినట్టు రైఫిలును పడుకోబెడతారు. నూరు గజాల అవతల, అంటే 91 మీటర్ల దూరంలో, ఒక కాగితం. కొన్ని పోటీల్లో రెండువందల గజాలు. ఐదు తూటాలు కాల్చాలి. నట్టనడుమ తగలాలనే పట్టింపు లేదు, ఐదూ ఒకే చోట పడాలి. దూరదూరంగా పడిన రెండు చిల్లుల మధ్య ఎంత తక్కువ కొలత వస్తే అంత గెలుపు. చెయ్యి తిరిగినవాళ్ళకు ఐదు తూటాలకూ కలిపి, చొక్కాకు కాజా కుట్టినట్టు, ఒక్కటే చిల్లు పడుతుంది. 1940ల చివర అమెరికాలో ఈ ఆటకు సంఘాలు ఏర్పడ్డాయి. ఒక తరగతి పోటీలో రైఫిలూ దుర్భిణీ కలిపి పదిన్నర పౌన్లు, అంటే నాలుగు ముప్పావు కిలోలు, మించకూడదని నియమం. బంగారం తూచినట్టు తూస్తారు.

అంత దూరంలో ఆ చిన్న గుర్తు మామూలు కంటికి ఆనదు. అందుకే దుర్భిణి.

కంటికి సాయం తీసుకుని గురిచూడడం మనకు కొత్త ముచ్చటేం కాదు. ద్రౌపదీ స్వయంవరంలో అర్జునుడు నీళ్ళలో నీడ చూసి పైనున్న మత్స్యయంత్రాన్ని కొట్టాడని చిన్నప్పుడే కథ విన్నాం. గాజుతో ఆ పని చెయ్యడం మాత్రం నాలుగువందల ఏళ్ళనాడు మొదలైంది. 1608లో హాలండులో లిప్పర్‌హే అనే కళ్ళజోళ్ళు చేసేవాడు దూరదర్శినికి పేటెంటు అడిగాడు. మరుసటి ఏడే గెలీలియో అలాంటిది తయారుచేసి ఆకాశం వైపు తిప్పాడు. అయితే గెలీలియో గొట్టంలో గురి గీతలు పెట్టడానికి తావు లేదు. 1611లో కెప్లర్ వేరే అమరిక చెప్పాడు. రెండూ కుంభాకార కటకాలే. వాటి మధ్య ఒకచోట, దూరపు వస్తువు బొమ్మ గాలిలో నిలబడుతుంది. అదిగో, అక్కడ ఏది పెట్టినా బొమ్మతోపాటు స్పష్టంగా కనబడుతుంది.

అక్కడ మొదట పెట్టింది మనిషి కాదు, సాలీడు! ఇంగ్లాండులో విలియం గాస్కాయిన్ అనే యువకుడు 1630ల చివర దూరదర్శిని తెరిచి చూస్తే లోపల సాలీడు పోగు సాగదీసి ఉంది. అది సరిగ్గా బొమ్మ నిలిచే చోటే పడింది. చంద్రుణ్ణి చూస్తే చంద్రుడి మీద గీత! మనమైతే చీపురు తీసుకుని దులిపేసేవాళ్ళం. ఆయన దులపలేదు. ఆ పోగుతో కొలవవచ్చు, గురి చూడవచ్చు అని గ్రహించాడు. తుపాకి దుర్భిణిలో అడ్డంగా, నిలువుగా కనిపించే గీతలకు మూలం అదే. పాపం, ఆయన 1644లో మార్స్టన్ మూర్ యుద్ధంలో చనిపోయాడు. నక్షత్రాల కోసం గురి గీత కనిపెట్టినవాణ్ణి యుద్ధమే మింగింది.

ఆ గీతల గొట్టం తుపాకి మీదికి ఎక్కడానికి ఇంకో రెండువందల ఏళ్ళు పట్టింది. ఎందుకంటే పాత కటకాల్లో ప్రతి వస్తువు అంచునా ఇంద్రధనుస్సు కనిపించేది. రెండు రకాల గాజును జతచేసి ఆ రంగుల్ని పోగొట్టే కటకానికి 1758లో జాన్ డోలండ్ పేటెంటు తీసుకున్నాడు. 1855లో అమెరికాలో విలియం మాల్కం అలాంటి కటకాలతోనే రైఫిలు దుర్భిణులు చెయ్యసాగాడు. అవి రైఫిలు గొట్టమంత పొడుగుండేవి. తర్వాత 1861లో అక్కడ అంతర్యుద్ధం వచ్చింది. కాగితం మీద చిల్లులు కొలిచిన గాజు మనుషుల మీదికి తిరిగింది. దాచిపెట్టడం ఎందుకు? దుర్భిణి చరిత్రలో ఆ రక్తపు మరక ఉంది. మా చెల్లెలి ఏడుపులో అర్థం ఉందని ఆ పుట చదివినప్పుడు నాకు తెలిసింది.

ఇక మన హైదరాబాదు సంగతి. నవాబు జఫర్ జంగ్ అని ఒక జాగీర్దారుకు నక్షత్రాల పిచ్చి. 1901లో 15 అంగుళాల కటకమున్న పెద్ద దూరదర్శినిని తెప్పించి ఫిసల్‌బండలో వేధశాల పెట్టాడు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా వేధశాల. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని వాటాలేసుకుని నక్షత్రాల పట్టిక తయారుచేసినప్పుడు మన హైదరాబాదుకూ ఒక వాటా దక్కింది. 1918లో టి.పి. భాస్కరశాస్త్రి దాని బాధ్యత తీసుకున్నారు.

ఆ 15 అంగుళాల దూరదర్శిని చేసింది ఐర్లండులోని డబ్లిన్ నగరంలో హోవర్డ్ గ్రబ్. అదే గ్రబ్ 1900లో తుపాకులకు ఒక కొత్తరకం గురి అద్దం కనిపెట్టాడు. ఏటవాలుగా పెట్టిన గాజుపలక మీద వెలుగు గుర్తు ప్రతిఫలించి, దూరంగా లక్ష్యం మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. మత్స్యయంత్రం నీడే అనుకోండి! కన్ను కొంచెం అటూ ఇటూ జరిగినా గుర్తు లక్ష్యం మీంచి జరగదు. మొదటి ప్రపంచయుద్ధంలో జలాంతర్గాములకు పెరిస్కోపులు చేసిందీ ఆయన కంపెనీయే. ఒకే చెయ్యి మన ఊరికి నక్షత్రాలను చూపింది, సముద్రంలో ఓడలను వెతికే కన్నూ ఇచ్చింది. గాజుకు పాపమూ లేదు, పుణ్యమూ లేదు.

ఈ కథలో ఆడవాళ్ళెవరూ లేరా అని మీరు అడుగుతారు. నేనూ అదే వెతికాను. ఇద్దరు దొరికారు.

మొదటామె కాథరిన్ బ్లాడ్జెట్. ఆమె పుట్టకముందే తండ్రిని ఇంట్లో జొరబడ్డ దొంగ తుపాకితో కాల్చి చంపాడు. తల్లి పెంచిన ఆ పిల్ల పెరిగి, 1926లో కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందిన మొదటి స్త్రీ అయింది. మామూలు గాజు మీద పడిన వెలుగులో నూటికి నాలుగు పాళ్ళు వెనక్కి తిరిగిపోతుంది. దుర్భిణిలో కటకాలు చాలా ఉంటాయి గదా, పది గాజు ముఖాలు దాటేసరికి మూడోవంతు వెలుగు మాయం. జర్మనీలో స్మకులా 1935లో ఒక పూత కనిపెట్టాడు. అమెరికాలో 1938లో బ్లాడ్జెట్ సబ్బులాంటి పదార్థంతో నలభైనాలుగు పలుచని పొరలు పరిచి గాజు మీది మెరుపును పోగొట్టింది. ఆమె పొర చేత్తో తుడిస్తే పోయేదే. అయినా దారి తెలిసింది, గట్టి పూతలు తర్వాత వచ్చాయి. తుపాకి వల్ల తండ్రిని ఎరుగని ఆడపిల్ల గాజుకు వెలుగిచ్చింది. ఆ మాట దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరికే కూచున్నాను.

రెండో ఆమె నాన్ సాంగర్. కాలిఫోర్నియాలో యుకైపా అనే చిన్న ఊరు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆమె ఇంట్లో సాలీళ్ళను పెంచింది. అందులో బ్లాక్ విడో అనే విషపు సాలీడు కూడా! ఒక్కొక్కదాన్ని మెత్తగా పట్టి ఉంచి, పోగు లాగి, చట్రానికి చుట్టి అమ్మేది. వెంట్రుకకన్నా ఎన్నోరెట్లు సన్నని ఆ పోగులు గురి గీతలుగా పరికరాల్లోకి వెళ్ళాయి. ఇప్పుడు గాజు మీద గీత చెక్కుతున్నారు, లేదా సన్నని లోహపు తీగ వాడుతున్నారు. గూళ్ళు దులిపేటప్పుడు ఇకనుంచి సాలీణ్ణి కొంచెం మర్యాదగా చూడాలనిపించింది నాకు.

సరే, ఏది కొనాలి? మనం చీర కొనేటప్పుడు రంగూ, నేతా, కొంగూ, ధరా వరసగా చూసుకోమూ? అలాగే వాడికి వరసగా రాశాను.

ఒకటి, ఎన్నిరెట్లు పెద్దదిగా చూపాలి? ఈ ఆటవాళ్ళు 36 రెట్లు, 40 రెట్లు, 45 రెట్లు చూపేవి వాడతారు. ఎక్కువైతే మంచిదే కదా అనకండి. ఎండాకాలం మధ్యాహ్నం మా చిట్యాల దగ్గర విజయవాడ రోడ్డు మీద నిలబడి చూడండి. తారు మీద నీళ్ళు పారుతున్నట్టుంటుంది. ఎండమావి. టెక్సస్ ఎండ కూడా తక్కువదేం కాదు. దుర్భిణి కాగితాన్ని ఎన్నిరెట్లు పెంచితే ఎండమావినీ అన్నిరెట్లు పెంచుతుంది. చివరికి కాగితం ఎసట్లో బియ్యంలా ఉడుకుతూ కనిపిస్తుంది. అయితే ఆ సెగ ఏ వైపు పారుతున్నదో చూస్తే గాలి ఏ వైపుదో తెలుస్తుంది కాబట్టి, అసలే కనిపించకపోయినా కష్టమే. పైగా ముందు కటకం వెడల్పును ఈ రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు కట్ట వెడల్పు వస్తుంది. 45 మిల్లీమీటర్ల కటకం, 36 రెట్లు అయితే ఒకటింబావు మిల్లీమీటరు. పట్టపగలు అది చాలు. అందుకని 36 దగ్గర ఆగమన్నాను.

రెండు, కన్ను జరిగితే గీత జరగకూడదు. చూపుడువేలు ముందు పెట్టుకుని ఒక కన్నూ, తర్వాత ఇంకో కన్నూ మూసి చూడండి. వేలు గోడ మీద అటూ ఇటూ దూకుతుంది. దీన్ని పారలాక్స్ అంటారు. 1838లో బెస్సెల్ దీనితోనే ఒక నక్షత్రం దూరం కొలిచాడు. ఖగోళశాస్త్రానికి వరమైనది గురికి శాపం. బొమ్మ సరిగ్గా గీత ఉన్నచోటే నిలిస్తే ఈ బాధ ఉండదు. దూరాన్నిబట్టి సవరించుకునే చుట్టు ఉన్న దుర్భిణే కొనాలి. కొనేముందు దాన్ని గట్టిగా బిగించి, తల మాత్రం కదిపి చూడాలి.

మూడు, తిప్పిన మర మాట మీద నిలబడాలి. వృత్తంలో 360 డిగ్రీలు, ఒక్కో డిగ్రీలో 60 నిమిషాలు. నూరు గజాల దగ్గర ఒక నిమిషం అంటే దాదాపు ఒక అంగుళం. ఈ దుర్భిణుల మర ఒకసారి టిక్కుమంటే అందులో ఎనిమిదో వంతు, అంటే మూడు మిల్లీమీటర్లు, జరుగుతుంది. కుడికి ఇరవై, పైకి ఇరవై, ఎడమకు ఇరవై, కిందికి ఇరవై టిక్కులు తిప్పితే మళ్ళీ మొదటి చోటికే రావాలి. రాకపోతే అది ఎంత మెరిసినా వద్దు. లోపల కదిలే భాగాలు ఎంత తక్కువైతే నమ్మకం అంత ఎక్కువ. అందుకే రెట్లు మార్చుకునే రకం వద్దు, ఒకే రెట్టు చూపేది తీసుకోమన్నాను.

నాలుగు, బరువు. తూకం నియమం చెప్పాను గదా, దుర్భిణి బరువెక్కితే రైఫిలు తగ్గాలి. చివరగా ధర. మంచి గాజు ధర తుపాకి ధరతోనే పోటీపడుతుంది. "ఆత్రపడి చౌకది కొని, తర్వాత మంచిది కొనకు. అది రెండుసార్లు కొన్నట్టు" అని రాశాను.

ఇదంతా చెప్పి, ఒక మాట కలిపాను. ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీకి దుర్భిణి పెట్టనివ్వరు. సూదిబెజ్జంలాంటి రంధ్రంలోంచి చూడ్డమే. నడిమి చుక్క అర మిల్లీమీటరు. అలాగే కొట్టి మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చాడు. పిస్తోలుకైతే అదీ లేదు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పిస్తోలుతో నాలుగు పతకాలు గెలిచింది. కాబట్టి గురి గాజులో లేదు, ఊపిరిలో ఉందని ఆ పిల్లవాడు మరిచిపోకూడదు.

మా చెల్లెలికి కూడా ఇదంతా చదివి వినిపించాను. మన దేశపు రైఫిల్ సంఘాన్ని 1951లో స్థాపించింది, తర్వాత తొలి లోక్‌సభకు స్పీకరైన మావలంకర్‌గారని కూడా చెప్పాను. అంతా విని, "ఏమో అక్కా, నాయనమ్మ పాతర యాదికొస్తది" అంది. ఇంకేం మాట్లాడను?

చలికాలంలో అది కొడుకు దగ్గరికి వెళ్ళింది. ఒక శనివారం వాడు తల్లిని ఆట స్థలానికి తీసుకెళ్ళాడట. తూటాలు లేవని చూపించి, తుపాకి వెనకభాగాన్ని ఊడదీసి ఆమె చేతిలోనే పెట్టి, "ఇప్పుడు ఇది ఉత్త గొట్టం. దుర్భిణిల చూడమ్మా" అన్నాడట. ఇది భయంభయంగానే చెంప ఆనించి చూసింది.

ఆ రాత్రే ఫోను. "అక్కా, గంత దూరంల ఉన్న కాయితం మీద ఈగ వాలితే గూడ కనపడ్డది. కని గీత ఆగుతలేదు. టకటక ఎగురుతనే ఉన్నది. గాలికారా అంటే, కాదమ్మా, నీ చెంప కట్టెకు ఆనింది గద, అది నీ గుండె కొట్టుకునుడు అన్నడు. నేను ఇంత భయపడుతున్నని నాకే తెల్వదక్కా."

"వాడిది ఎగరదా మరి?" అన్నాను.

"వాడు కూసున్నంక చూసిన. ఊపిరి బిగబట్టి, గాలి జెండాలు చూసుకుంట, కాల్చకుండనే లేచిండు. ఏమైందిరా అంటే, ఇయ్యాల గాలి బాగ లేదమ్మా, ఇంకో వారం చూద్దాం అన్నడు." కాసేపు ఆగింది. "తుపాకి మీద నాకెన్నడు గురి కుదరదక్కా. వాని మీద కుదిరింది."

ఆ రాత్రి కరువుదీరా నిద్రపోయిందట.